జీవుల పేర్లలో మనుష్యుల జ్ఞాపకము

గత సంవత్సరము మా కళాశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకై ఆవరణలోని చెట్లకు పేరుపలకలు కట్టించితిమి. తెలుగు పేరు, ఉర్దూ పేరు, వాని క్రింద లాటిన్ నామము. ఈ మూడింటిని వ్రాయుటలో విద్యార్థులే ఎక్కువగా శ్రమించిరి. మోదుగ చెట్టు వద్ద ప్రథమ సంవత్సరపు విద్యార్థిని యొకతె పలకను చేత పట్టుకొని, "సార్, తెలుగులో మోదుగ, ఉర్దూలో ఢాక్ అన్నారు. మరి ఈ బ్యూటియా అంటే అర్థం ఏమిటి?" అని అడిగినది. మేము అప్పుడు తొందరలో ఉంటిమి. "అది లాటిన్ మాట, దానికి ప్రత్యేకముగా అర్థము లేదు" అని చెప్పి ముందునకు సాగితిమి.

ఆ జవాబు తప్పు. అదే ప్రదర్శనలో మరియొక తప్పు కూడ చేసితిమి. సలీం అలీ పేరుతో పిలువబడు గబ్బిలము చిత్రము క్రింద దాని లాటిన్ నామమును చివర ఒక 'ఐ' అక్షరము తగ్గించి వ్రాయించితిమి. ఎవరును గమనింపలేదని అనుకొంటిమి గాని, మరునాటి ఉదయమున ఎవరో పెన్సిలుతో ఆ అక్షరమును చేర్చియుండిరి. ఈ రెండు తప్పుల బాకీ తీర్చుటకే ఈ వ్యాసము.

ప్రతి జీవికిని రెండు మాటల లాటిన్ నామము ఉండునని ఇంటర్మీడియట్ విద్యార్థులందరికి తెలియును. మొదటి మాట ప్రజాతిని, రెండవది ఆ ప్రజాతిలోని ఒక జాతిని తెలుపును. స్వీడన్ దేశీయుడగు లిన్నేయస్ 1753లో మొక్కలకును, 1758లో జంతువులకును ఈ పద్ధతిని క్రమముగా అన్వయించెను. అంతకు పూర్వము ఒక మొక్కను పేర్కొనవలెనన్న ఒక వాక్యమంత పొడవైన వర్ణనను చదువవలసి వచ్చెడిది. రెండు మాటల పద్ధతిలో పేరు వర్ణనగా ఉండవలసిన అవసరము తీరిపోయినది. పేరు కేవలము గుర్తు. గుర్తునకు రంగు చాలును, ఊరు చాలును, మనుష్యుని పేరైనను చాలును. ఇట్లు మనుష్యులు జీవుల పేర్లలోనికి ప్రవేశించిరి. ప్రజాతులకు వృక్షశాస్త్రజ్ఞుల పేర్లు పెట్టుట తగునని లిన్నేయస్ 1737లోనే వాదించియుండెను. అతనికి ముందు ఫ్రాన్సు దేశపు ప్లూమియే ఈ ఆచారమునకు బాట వేసెను. మన దేవగన్నేరునకు ప్లూమేరియా అను పేరు ఆయన నుండియే వచ్చినది.

ఇక మోదుగ సంగతి. బ్యూట్ ప్రభువు అని పేరుగాంచిన జాన్ స్టూవర్ట్ 1762–63లో బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉండెను. రాజకీయములలో అంతగా రాణింపలేదు గాని వృక్షశాస్త్రమన్న ఆయనకు ప్రాణము. క్యూ ఉద్యానమునకు అండగా నిలిచెను. తాను రచించిన వృక్షశాస్త్ర గ్రంథమును పన్నెండు ప్రతులు మాత్రమే అచ్చు వేయించి పంచిపెట్టెను! సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795 నుండి వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో మోదుగను బ్యూటియా ప్రజాతి క్రింద వర్ణించెను. భారతదేశమునకు ఎన్నడును రాని ఒక ప్రధానమంత్రి పేరు, ఫాల్గుణ మాసమున మన అడవులను ఎర్రగా వెలిగించు చెట్టునకు ఆ విధముగా అంటుకొనినది.

ఈ సంగతి విని, పేర్లన్నియు పాలకుల పొగడ్తలే యని విద్యార్థులు తలచకుందురు గాక. దేవకాంచనపు ఆకును చూడుడు. ఒకే ఆకు రెండు తమ్మెలుగా చీలియుండును. దాని ప్రజాతి నామము బొహీనియా. పదునారవ, పదునేడవ శతాబ్దములలో జీవించిన జాన్ బొహాఁ, గాస్పార్ బొహాఁ అను అన్నదమ్ములు ఇద్దరును గొప్ప వృక్షశాస్త్రజ్ఞులు. ఒకే తొడిమపై రెండు తమ్మెలున్న ఆకు ఆ సోదరులకు తగిన గుర్తని లిన్నేయస్ వివరించెను. పొగాకునకు నికోటియానా అను పేరు పోర్చుగల్ లో ఫ్రెంచి రాయబారిగా నుండిన జాన్ నికో నుండి వచ్చినది. ఇంతకంటె తగని కీర్తి మరియొకటి ఉండదని మా అభిప్రాయము.

మన కళాశాల విద్యార్థులు ముఖ్యముగా గుర్తుంచుకొనదగినవి మరి రెండు పేర్లు. గోదావరి సముద్రమున కలియుచోట, కోరింగ ప్రాంతమున, ఉప్పునీటిలో వేళ్లను పైకి ఎత్తి నిలిచియుండు మడ చెట్లు కలవు. వానిలో ఒక ప్రజాతి నామము అవిసెన్నియా. ఇబ్న్ సీనా (980–1037) పేరును ఐరోపావారు అవిసెన్నా అని పలికిరి. ఆయన వైద్య గ్రంథము 'అల్ ఖానూన్' లాటిన్ లోనికి అనువదింపబడి శతాబ్దములపాటు అక్కడి విశ్వవిద్యాలయములలో పాఠ్యగ్రంథముగా ఉండెను. ఆ ఋణమును లిన్నేయస్ 1753లో మడ చెట్టు ద్వారా కొంత తీర్చుకొనెను. అట్లే ఇబ్న్ రుష్ద్ (1126–1198) ఐరోపాలో అవెర్రోస్ అయ్యెను. నిలువుగా ఐదు కోణములతో పులపులగా ఉండు కమరఖ్ కాయ చెట్టు అవెర్రోవా కరంబోలా అయినది. బుఖారా సమీపమున పుట్టిన హకీము పేరు కాకినాడ జాలరుల పడవల ప్రక్కనను, కర్డోబా నగరపు ఖాజీ పేరు మన పెరటిలోను ఉన్నవి. ఇది తెలియక ఎన్ని సంవత్సరములు ఆ కాయలను ఉప్పు కారము అద్దుకొని తింటిమో!

ఇంతవరకు ప్రజాతుల పేర్లు. జాతి నామములో మనుష్యుని పేరు చేర్చునప్పుడు వ్యాకరణము అడ్డు వచ్చును. మా రెండవ తప్పు ఇక్కడనే జరిగినది. రెండు భాషలు తెలిసిన మన విద్యార్థులకు ఈ వ్యాకరణము ఇతరులకంటె సులభముగా బోధపడునని మా నమ్మకము.

తెలుగులో 'రాముని బాణము' అన్నప్పుడు రాముడు అను మాట రూపము మారును. బాణమైనను, గదయైనను 'రాముని' అనుటలో భేదము లేదు. లాటిన్ షష్ఠీ విభక్తియు ఇట్టిదే. గౌరవింపబడిన వ్యక్తి పురుషుడైన పేరు చివర 'ఐ' అక్షరము, స్త్రీయైన 'ఏ, ఈ' అను రెండక్షరములు జత చేయవలెను. ఇది ఆ వ్యక్తి యొక్క లింగమును బట్టి ఏర్పడును గాని జీవిని బట్టి కాదు. రెండవ పద్ధతి ఉర్దూను పోలినది. ఉర్దూలో 'సలీం కా ఘర్', 'సలీం కీ కితాబ్' అందురు. సలీం ఒక్కడే, కాని 'కా', 'కీ' అనునవి అతని వస్తువును బట్టి మారును. లాటిన్ లో పేరును విశేషణముగా మార్చినప్పుడు అది ఇట్లే ప్రజాతి లింగమును అనుసరించును. బీర్బల్ సాహ్నీ రాజమహల్ కొండల శిలాజ వృక్షమునకు 1932లో విలియమ్సోనియా సెవార్డియానా అని పేరు పెట్టెను. సెవార్డ్ కేంబ్రిడ్జిలో ఆయన గురువు, పురుషుడు. అయినను ప్రజాతి నామము స్త్రీలింగము గనుక విశేషణమును స్త్రీలింగముననే నిలిచినది. ఆ ప్రజాతి నామమును విలియమ్సన్ అను మరియొక శాస్త్రజ్ఞుని స్మరించునదే.

ఇప్పుడు సలీం అలీ పేరును చూతము. ఆంగ్లాక్షరములలో ఆ పేరు చివర ఒక 'ఐ' అక్షరము స్వతస్సిద్ధముగానే ఉన్నది. దానికి షష్ఠీ విభక్తి 'ఐ' చేరిన చివర రెండు అగును. కనుక 'సలీమలియి'. మేము విభక్తిని మరచి ఆయన పేరును మాత్రమే వ్రాసితిమి. పెన్సిలు పట్టిన వారికి మా కృతజ్ఞతలు. వృక్షశాస్త్రములో మరియొక చిక్కు కలదు. హల్లుతో ముగియు పేర్లకు, కొన్ని మినహాయింపులతో, రెండు 'ఐ' అక్షరములు చేర్చవలెను. రచయిత ఒకటే వ్రాసినను తరువాతివారు దిద్దుదురు. జంతుశాస్త్రములో మొదట ఎట్లు అచ్చయ్యెనో అట్లే ఉంచుదురు. రెండు శాస్త్రములకు రెండు వేరు నియమావళులు, ఇరుగుపొరుగు ఇండ్ల ఆచారములవలె.

ఈ గబ్బిలమునకు పేరు వచ్చిన విధమును వివరముగా చెప్పుట మంచిది. పేరు పెట్టుట యనగా ఏమి యన్నది దీనివలన స్పష్టమగును. 1948లో తమిళనాడులోని మేఘమలై కొండలలో ఆంగస్ హట్టన్ అను ప్రకృతి పరిశీలకుడు ఒక గబ్బిలమును సేకరించెను. అది బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు సేకరణలో చేరినది. సాధారణముగా కనబడు పండ్ల గబ్బిలమేయని పొరబడి, ఆ పేరు వ్రాసి అక్కడ ఉంచిరి. ఇరువది సంవత్సరములకు పైగా అది ఆ తప్పుడు పేరుతోనే ఉండిపోయినది. థాయిలాండ్ దేశపు శాస్త్రజ్ఞుడు కిట్టి థాంగ్‌లాంగ్యా దానిని మరల పరిశీలించి, ఇది క్రొత్త జాతి మాత్రమే కాదు, క్రొత్త ప్రజాతి యని గుర్తించి, 1972లో లాటిడెన్స్ సలీమలియి అని ప్రకటించెను. లాటిడెన్స్ అనగా వెడల్పైన దంతము గలది. సలీమలియి అనగా సలీం అలీ యొక్క.

ఇందులో గమనింపవలసినది, పేరు పెట్టుటకు అడవికి పోయినవాడే కానక్కరలేదు. చేత ఒక నమూనా ఉండవలెను. ఇతర జాతులకును దీనికిని భేదమేమో అచ్చులో వర్ణింపవలెను. ఆ నమూనా ఎక్కడ భద్రపరుపబడినదో చెప్పవలెను. పేరు ఇదివరకే మరియొక జీవికి ఆ ప్రజాతిలో ఉండరాదు. మొక్కలకు 1935 నుండి 2011 వరకు వర్ణన లాటిన్ భాషలోనే ఉండవలెనను నియమము ఉండెను. 2012 నుండి ఆంగ్లమైనను చాలును, పేరు మాత్రము లాటిన్ రూపముననే ఉండవలెను. ఎవరి పేరు పెట్టవలెనన్నది పూర్తిగా రచయిత ఇష్టము. తన పేరే తాను పెట్టుకొనరాదని నియమావళిలో లేదు. కాని అట్లు చేసినవానిని చూచి తోటివారు నవ్వుదురు. నియమములో లేని సంగతిని సిగ్గు కాపాడుచున్నది.

కిట్టి 1974లో అల్పాయుష్కుడై మరణించెను. ఆయన థాయిలాండ్ గుహలలో కనుగొనిన, సుమారు రెండు గ్రాముల బరువు గల చిన్న గబ్బిలమునకు అదే సంవత్సరమున హిల్ అను శాస్త్రజ్ఞుడు క్రేసియోనిక్టెరిస్ థాంగ్‌లాంగ్యాయి అని పేరు పెట్టెను. మరియొకరిని స్మరించినవాడు రెండు సంవత్సరములలో తానే స్మరింపబడవలసినవాడయ్యెను.

సలీం అలీకి మన ప్రాంతముతో సన్నిహిత సంబంధము కలదు. 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను ఊరూర తిరిగి పరిశీలించినవారు ఆయనయే. ఆ దినములలో ఆయన భార్య తెహ్మినా కూడ శిబిరములలో వెంట ఉండి పనిలో తోడ్పడిరి. పక్షిశాస్త్రజ్ఞులు విస్లర్, కిన్నియర్ 1934లో దక్షిణ భారతపు వడ్రంగిపిట్ట యొక్క ఒక ఉపజాతికి 'తెహ్మినే' అని పేరు పెట్టిరి. స్త్రీకి చేర్చు విభక్తి ఇదియే. ఆమె 1939లో మరణించిరి. సలీం అలీ పేరు మీద స్విఫ్ట్ పక్షి ఒకటి ఉన్నది. ఆయన 1987లో కాలధర్మము చెందిన ఇరువది తొమ్మిది సంవత్సరములకు, 2016లో, హిమాలయ అరణ్యములలోని ఒక పక్షికి మరల ఆయన పేరే పెట్టిరి. ఆ వడ్రంగిపిట్ట పేరు మాత్రము ఎవరి నోటను వినబడదు.

స్త్రీలకు ఈ గౌరవము ఆలస్యముగనే లభించినదని చెప్పక తప్పదు. మన ఇండ్ల గోడలపై ప్రాకు కాగితపు పూల తీగె బూగన్‌విల్లా. ఫ్రెంచి నౌకాధిపతి బూగన్‌విల్ పేరది. ఆ నౌకాయాత్రలో మొక్కలు సేకరించిన కొమెర్సన్ వెంట జాన్ బరే అను స్త్రీ పురుషవేషమున సహాయకుడుగా పోయి, కొండలెక్కి మూటలు మోసెను. ఆమె పేర కొమెర్సన్ తలపెట్టిన ప్రజాతి నామము నిలువలేదు. చివరకు 2012లో, వంగ జాతికి చెందిన ఒక మొక్కకు సొలానమ్ బరేటియే అని పేరు పెట్టి శాస్త్రజ్ఞులు ఆ లోటును తీర్చిరి. మన దేశపు వృక్షశాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్ (1897–1984) పేరు 2019లో పడమటి కనుమల బల్లి యొకదానికి చేరినది. డ్రావిడోగెక్కో జానకియే అనునది దాని నామము.

ఇప్పుడు విశాఖపట్టణమునకు వత్తము. ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1781లో తన సోదరునితో అక్కడికి వచ్చెను. పాముకాటు మరణములను చూచి, ఏ పాము విషముగలది, ఏది కాదు అను సంగతి తేల్చుటకు పూనుకొనెను. 1796లో అచ్చయిన ఆయన గ్రంథములో పాములను స్థానికులు పిలుచు తెలుగు పేర్లతోనే వర్ణించెను. వానిలో 'కాటుకరేకుల పొడ' యొకటి. రక్తపింజర అని మనము భయముతో చెప్పుకొను పాము అదియే. మరుసటి సంవత్సరమే దానికి లాటిన్ నామమును ప్రకటించిన షా, రస్సెల్ పేరునే పెట్టెను. నేడది దబోయా రస్సెలియి. విచిత్రమేమనగా రస్సెల్ ఇంటిపేరు చివర రెండు 'ఎల్' అక్షరములు ఉండగా అచ్చులో ఒకటియే పడినది. జంతుశాస్త్ర ఆచారము ప్రకారము ఆ తప్పు అట్లే స్థిరపడిపోయినది. మా తప్పు పెన్సిలుతో పోయినది, షా తప్పు రెండు శతాబ్దములు దాటినను పోలేదు.

కాటుకరేకులు మరుగునపడెను గాని అదే గ్రంథములోని 'బంగారు పాము' అను తెలుగు మాట బ్రతికినది. కట్లపాముల ప్రజాతికి 1803లో దోదాఁ పెట్టిన బంగారస్ అను లాటిన్ నామము దాని నుండియే పుట్టినది. రాక్స్‌బర్గ్ కూడ కడప, చిత్తూరు కొండలలోని తంబ చెట్టునకు షోరియా తంబుగ్గయియా అని తెలుగు పేరునే ఉంచెను. అయితే మొదటి మాట షోరియా, గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు! ఒకే చెట్టు పేరులో దొరగారును తెలుగు మాటయు ప్రక్క ప్రక్కన కూర్చున్నారు.

తెలుగువారి పేరేదియు లేదా యని విద్యార్థులు అడుగుదురు. ఉన్నది. భీమవరమున జన్మించి అమెరికాలో పనిచేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేర హెసెల్టైన్ 1953లో ఒక బూజు ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టెను. మురుగునీటిని వడగట్టు చోట పెరుగు బూజు అది. వినుటకు ఇంపుగా ఉండదు గాని, బూజుల నుండి మందులు తీయు పరిశోధనను నడిపినవారికి అంతకంటె తగిన కానుక ఏమున్నది? తెలుగువాని పేరు కాకున్నను, మన ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన మహాకాయపు రాక్షసబల్లికి 1975లో బారాపాసారస్ టాగోరెయి అని పేరు పెట్టిరి. తవ్వకములు సాగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరము. 'బారా పా' అనగా వంగభాషలో పెద్ద కాలు.

ఒక క్లిష్టమైన ప్రశ్న మిగిలినది. పేరు పొందినవాడు దుర్మార్గుడని తేలిన ఏమి చేయవలెను? స్లొవేనియా గుహలలోని కన్నులు లేని పురుగు యొకదానికి 1937లో హిట్లర్ పేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని చెల్లుచున్నది. నైతిక కారణములతో పేర్లు మార్చినచో శాస్త్ర గ్రంథములు గందరగోళమగునని అంతర్జాతీయ జంతునామ సంఘపు సభ్యులు 2023లో ప్రకటించిరి. వృక్షశాస్త్రజ్ఞులు కొంత వేరుగా ఆలోచించిరి. అరబ్బీ 'కాఫిర్' నుండి పుట్టి దక్షిణాఫ్రికాలో నల్లవారిని అవమానించు మాటగా మారిన పదము 'కాఫ్రా' అను రూపమున రెండు వందలకు పైగా నామములలో ఉండెను. 2024లో మాడ్రిడ్ మహాసభలో ఓటు వేసి దానిని ఆఫ్రికాను సూచించు 'ఆఫ్రా'గా మార్చిరి.

బ్యూట్ ప్రభువు పేరును కూడ తొలగింపవలెనా యని మా తరగతిలో వాదోపవాదములు జరిగినవి. తొలగింపవలెనన్నవారే ఎక్కువ. మాకు అది సమ్మతము కాలేదు. మోదుగ పేరు మారినంత మాత్రమున రాక్స్‌బర్గ్ వెంట అడవిలో నడచి చెట్లను చూపినవారి పేర్లు తిరిగి రావు. కడప జిల్లాలో 1986లో మరల కనబడిన కలివికోడి సంగతి చూడుడు. దశాబ్దములుగా అంతరించినదని అందరు తలచిన ఆ పక్షిని స్థానికుడగు ఒక వేటగాడు పట్టి చూపెను. దాని లాటిన్ నామమునకు రెండు పట్టెలు గలదని అర్థము. ఆంగ్ల నామము జెర్డాన్ దొరది. పట్టి చూపినవాని పేరు ఎందులోను లేదు. అట్టివారి పేర్లు చేర్చుటకు క్రొత్త జీవి దొరకవలెను, దానిని వర్ణించువాడు వారిని ఎరిగినవాడై ఉండవలెను. ఇందుకు ఒకరి పేరు చెరుపనక్కరలేదు. మేము ఈ మాట చెప్పగా వెనుక బల్లలవారు అంగీకరింపలేదు. వారి వాదమును వారే వచ్చే సంచికలో వ్రాయుదురని ఆశించుచున్నాము.

మోదుగ చెట్టు పలకను తిరిగి వ్రాయించితిమి. లాటిన్ నామము క్రింద బ్యూట్ ఎవరో ఒక పంక్తిలో ఉన్నది. ప్రశ్న అడిగిన విద్యార్థినియే దానిని వ్రాసినది. వసతిగృహపు వంటశాల వెనుక నున్న కమరఖ్ చెట్టునకు మాత్రము పలక ఇంకను కట్టలేదు. ఇబ్న్ రుష్ద్ పేరును తెలుగులో ఎట్లు వ్రాయవలెనన్న విషయమున ఉర్దూ శాఖవారికిని మాకును ఇంకను కుదరలేదు.